ఒక్క గవాక్షము – అనేక భాండాగారములు
(అయ్యంకి వేంకటరమణయ్యగారి స్మారకోపన్యాస పాఠము)



ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు ప్రాణము పోసిన అయ్యంకి వేంకటరమణయ్యగారి స్మృతికై ఈ సభ యేర్పడినది. 1890లో జన్మించి, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలయుటకు కారకులైనవారిలో అగ్రగణ్యులై, ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను సంపాదకులై నడిపి, 1972లో పద్మశ్రీ పురస్కారము నంది, 1979లో కీర్తిశేషులగు వఱకును పుస్తకమే లోకముగా బ్రదికిన ఆ మహనీయుని ఆరాటమెల్ల, చదువగోరువానికిని చదువదగిన దానికిని నడుమ నిలిచిన అడ్డును తొలగించుటయందే యుండెను. ఆ కాలమున ఆ యడ్డు కంటికి కనబడునట్టిది: ఊరిలో పుస్తకము లేదు, పుస్తకమున్న యూరికి దారి లేదు. అందుచేతనే ఆ యుద్యమమున పేరెన్నికగన్న పాతూరి నాగభూషణముగారు 1935లో పడవపై గ్రంథముల నెక్కించి కాలువ వెంబడి పల్లెలకు కొనిపోయిరి.

ఇప్పటి విశ్వవిద్యాలయ విద్యార్థి యెదుట నిలుచు అడ్డు వేఱు రూపముది. అది లేమివలన పుట్టినది కాదు, కలిమివలన పుట్టినది. గ్రంథాలయపు తెరపై ఒక చిన్న గడి యుండును. అందులో రెండు మాటలు టైపు చేసినంతనే పుస్తకములు, పత్రికా వ్యాసములు, సిద్ధాంత గ్రంథములు, సదస్సుల పత్రములు, వార్తలు ఒక్క వరుసలో వేలకు వేలుగా వచ్చి నిలుచును. దీనిని మనము సమీకృతాన్వేషణ మందము; గ్రంథాలయోద్యోగులు డిస్కవరీ సర్వీసు అని వ్యవహరింతురు. ఈ సాధనము ఎట్లు పుట్టినది, ఎట్లు పనిచేయును, దానిని ఎట్లు ఉపయోగింపవలెను, దానికి కనబడనిది ఏది అను నాలుగు విషయములను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. వెదకు శ్రమను యంత్రమునకు అప్పగింపవచ్చును గాని, ఏమి వెదకవలెనో నిశ్చయించుటయు, ఏది దొరకలేదో గుర్తించుటయు మన బాధ్యతలుగానే మిగులునని నా నమ్మకము. ఈ యుపన్యాసమంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

కార్డు కేటలాగులను వాడిన తరమువారు ఈ సభలో పలువురున్నారు. 7.5 సెంటీమీటర్ల ఎత్తును, 12.5 సెంటీమీటర్ల వెడల్పును గల ఆ దళసరి కార్డులు, వాని యడుగున రంధ్రములు, ఆ రంధ్రముల గుండ పోవు సన్నని కడ్డీ, వేళ్ల తాకిడికి నల్లబడిన అంచులు వారికి సుపరిచితములు. ఆ సొరుగుల వెనుక ఒక ధర్మశాస్త్రమే యున్నది. 1876లో అమెరికా దేశపు గ్రంథపాలకుడు చార్లెస్ కట్టర్, కర్త పేరు గాని గ్రంథనామము గాని విషయము గాని తెలిసినవాడు తన పుస్తకమును కనుగొనగలుగవలెననియు, ఒక కర్త వ్రాసినవి, ఒక విషయమును గూర్చినవి ఆ గ్రంథాలయమున ఏమేమి కలవో తెలిసికొనగలుగవలెననియు, వానిలో తనకు తగినదానిని ఎన్నుకొనుటకు కేటలాగు తోడ్పడవలెననియు విధించెను. నేటివఱకును ఇంతకు మించిన లక్ష్యనిర్దేశము లేదు. అయినను ఆ బీరువా పాఠకుని పుస్తకపు అట్టవఱకే తీసికొనిపోగలిగెడిది. పత్రికా సంపుటమునందలి వ్యాసము దానికి కనబడదు. వ్యాసములకు వేఱుగా సూచీగ్రంథములు, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్కటి, ఏటేట వెలువడుచుండెను.

1960 దశకమున అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున హెన్రియెట్ ఏవ్‌రమ్ అను విదుషీమణి కార్డుమీది వివరమును కంప్యూటరు చదువగల రూపమునకు తెచ్చి, మార్క్ అను ప్రమాణమును నిర్మించినది. సూచీగ్రంథములును క్రమముగా డేటాబేసులైనవి. కాని ద్వారములు మాత్రము వేఱువేఱుగానే యుండిపోయినవి. వైద్యమునకొకటి, రసాయనమునకొకటి, సాహిత్యమునకొకటి. ప్రతిదానికిని దాని భాష, దాని పద్ధతి. ఒక్క ప్రశ్నను అన్ని ద్వారములకును ఒకేసారి పంపి సమాధానములను పోగుచేయు ఉపాయము మొదట ప్రయత్నింపబడెను గాని, అన్నిటికంటె మందగామియైన డేటాబేసు బదులు చెప్పు వఱకును పాఠకుడు వేచియుండవలసి వచ్చెడిది. వచ్చిన సమాధానములలో ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించుటకు ఉమ్మడి ప్రాతిపదికయు లేకుండెను. ఇంతలో 2004లో గూగుల్ స్కాలర్ వెలువడి, ఒక్క గడిలో అన్నియు దొరకవలెనను ఆశను విద్యార్థులలో స్థిరపఱచెను.

ఆ యాశకు గ్రంథాలయ లోకము ఇచ్చిన ప్రత్యుత్తరమే సమీకృతాన్వేషణము. 2009లో సమ్మన్, దాని వెనువెంటనే ఎబ్‌స్కో వారి డిస్కవరీ, ఎక్స్ లిబ్రిస్ వారి ప్రైమో సెంట్రల్ అను వ్యవస్థలు ప్రచారములోనికి వచ్చినవి. వీని మర్మ మేమనగా, ప్రశ్న వచ్చిన పిమ్మట పరుగెత్తుట మాని, ప్రచురణకర్తలనుండి వ్యాసముల వివరములను ముందుగనే సేకరించి ఒక మహాసూచికగా కూర్చియుంచుట. ఆ మహాసూచికకు విశ్వవిద్యాలయపు సొంత కేటలాగును, సిద్ధాంత గ్రంథముల నిధిని జోడింతురు. ఏ పత్రిక ఏ సంవత్సరమునుండి ఏ సంవత్సరము వఱకు మన చందా పరిధిలో నున్నదో తెలుపు మఱియొక పట్టిక వేఱుగా నుండును. ఫలితముపై నొక్కినప్పుడు ఆ పట్టికను సంప్రదించి పాఠకుని పూర్తిపాఠము వద్దకు చేర్చు లంకెల వ్యవస్థ ఇంకొకటి. తెరపై ఒక్కటిగా కనబడునది వెనుక మూడు నాలుగు యంత్రముల పొత్తు. కావుననే వ్యాసము పేరు కనబడియు పాఠము తెఱచుకొననప్పుడు విద్యార్థి నిరాశ చెందరాదు. అన్వేషణము ఫలించినది, లంకెయో చందాయో లాగినో లోపించినది. ఆ సంగతి గ్రంథాలయమున చెప్పినచో సరిదిద్దుటకును, మఱియొక గ్రంథాలయమునుండి తెప్పించుటకును మార్గము లుండును.

ఈ వ్యవస్థకు మన దేశమునుండి సంక్రమించిన ఒక గొప్ప పెట్టుబడిని ఇచట స్మరింపవలెను. ఫలితముల ప్రక్కన నిలువుగా ఒక పట్టీ యుండును: రచన రకము, సంవత్సరము, విషయము, దేశము, భాష. ఒక్కొక్కదానిపై టిక్కు పెట్టుకొనుచు పోయినచో వేలు వందలై, వందలు పదులగును. ఈ యాలోచనా మార్గమును శాస్త్రముగా తీర్చిదిద్దినవారు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నియుక్తులై, 1931లో గ్రంథాలయ శాస్త్రపు పంచసూత్రములను, 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు. ఒక విషయమును ఒక్క గూటిలో బంధింపక, వ్యక్తిత్వము, పదార్థము, శక్తి, దేశము, కాలము అను ముఖములుగా విడదీసి, అవసరమును బట్టి మరల కూర్చుకొనవచ్చునని ఆయన బోధించిరి. చదువరి కాలమును పొదుపు చేయుడని ఆయన నాలుగవ సూత్రము. నేడు తెరపై ప్రక్క పట్టీలో టిక్కు పెట్టు ప్రతి విద్యార్థియు, ఎఱిగియో ఎఱుగకయో, మద్రాసులో ఆరంభమైన ఆ భావనా సంప్రదాయముననే నడచుచున్నాడు.

ఇక ప్రయోగమునకు వత్తము. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు అను విషయమును పరిశోధింపదలచిన విద్యార్థిని యొకతె ఉన్నదనుకొందము. ఆమె నల్లగొండ, ఫ్లోరైడు అను రెండు మాటలను ఇంగ్లీషు లిపిలో గడిలో వ్రాయును. వచ్చిన ఫలితములలో టాంజానియా, ఇథియోపియా దేశముల నీటిని గూర్చిన వ్యాసములును కనబడి ఆమెకు ఆశ్చర్యము కలుగవచ్చును. కారణ మున్నది: పటికను, సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ వారు రూపొందింపగా, అది నల్లగొండ పద్ధతి యను పేరిట ప్రపంచమంతట వ్యాపించెను. ఊరి పేరు పద్ధతి పేరైనది. యంత్రమునకు ఆ భేదము తెలియదు, తెలిసికొనవలసినది ఆమెయే. పద్ధతి కావలెనన్నచో నల్లగొండ, పద్ధతి అను రెండు మాటలను కొటేషను గుర్తుల నడుమ నుంచి ఒక్క పదబంధముగా అడుగవలెను. ప్రాంతమే కావలెనన్నచో ప్రక్క పట్టీలో దేశమును ఎన్నుకొనవలెను.

ఆ పిమ్మట ఆమె, వ్యాధి పేరు ఫ్లోరోసిస్ అనియు, మూలకము పేరు ఫ్లోరిన్ అనియు తలచి, అన్నియు ఒక్కసారి దొరకుటకై ‘ఫ్లోర్’ వఱకే వ్రాసి చివర నక్షత్రపు గుర్తు నుంచెననుకొందము. అప్పుడు ఫ్లోరైడు, ఫ్లోరోసిస్‌లతో పాటు వెలుతురును గూర్చిన ఫ్లోరోసెన్సు శాస్త్రమంతయు వచ్చి మీద పడును. మాటను మఱీ ముందుగా త్రుంచుట వలన కలిగిన అనర్థ మిది. ఫ్లోరైడు ‘లేక’ ఫ్లోరోసిస్ అని రెండింటిని బ్రాకెట్లలో కలిపి, దానికి ‘మఱియు’ అను సంయోజకముతో నల్లగొండను చేర్చుట ఉత్తమము. ‘లేక’ అనునది వలను విప్పును, ‘మఱియు’ అనునది బిగించును. 1854లో జార్జి బూల్ అను గణితవేత్త ప్రతిపాదించిన తర్కమే నేటికిని ఈ గడి వెనుక నిలిచి పనిచేయుచున్నది.

ఇంతటితో తీరలేదు. నల్లగొండ 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది, 2014 వఱకు ఆంధ్రప్రదేశములోనిది, పిదప తెలంగాణలోనిది. 2016లో ఆ జిల్లానుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేఱుపడినవి. తెలంగాణ యను మాటతో మాత్రమే వెదకినచో, రాష్ట్రమును ఆంధ్రప్రదేశ మని పేర్కొన్న పూర్వపు వ్యాసములు జాఱిపోవును. నల్లగొండ యని మాత్రమే వెదకినచో, సూర్యాపేట పేరిట వెలువడిన క్రొత్త వ్యాసములు జాఱిపోవును. ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి మన దేశమున వెలువడిన తొలి శాస్త్రీయ రచనలలో నొకటి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చి యందు షార్టు మొదలగువారు ప్రకటించిన వ్యాసము. అది నెల్లూరు జిల్లా పల్లెలను గూర్చినది. ఆ పల్లెలు పిమ్మట, 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినవి. వ్యాసపు శీర్షికలో కనబడు ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీ. చరిత్ర తెలిసినవాడు తప్ప ఆ మాటను గడిలో వ్రాయడు. వ్రాయనివానికి అది దొరకదు. అన్వేషణమునకు విషయజ్ఞానము అనుచరముగా గాక పురోగామిగా నుండవలెనని నేననుట ఇందువలననే.

ప్రక్క పట్టీలోని జల్లెడలను గూర్చియు రెండు హెచ్చరికలు చేయవలెను. ‘పూర్తిపాఠము లభ్యము’ అను దానిపై టిక్కు పెట్టిన క్షణమున, బైండు సంపుటములలో మాత్రమే యున్న పాత వ్యాసములును, బీరువాలో చేతికందు దూరముననున్న పుస్తకములును కనుమఱుగగును. తెరపై తెఱచుకొనునదే విద్య యను భ్రమకు ఇదియే బీజము. ‘విద్వత్పరిశీలితము’ అను దానిపై టిక్కు పెట్టినచో విలువైన ప్రభుత్వ నివేదికలు, సంస్థల పత్రములు తొలగిపోవును. అంతియేగాక ఆ ముద్ర సామాన్యముగా పత్రికకు వేసినదే గాని ప్రతి రచనకు విడివిడిగా వేసినది కాదు గనుక, ఆ పత్రికలోని పుస్తక సమీక్షయు, సంపాదకునికి లేఖయు దాని క్రింద చొరబడును. జల్లెడ పట్టుట తప్పుకాదు. ఏ కన్ను గల జల్లెడతో పట్టితిమో, క్రింద ఏమి రాలినదో చూడకుండుట తప్పు.

ఫలితములు వరుసలో నిలుచు క్రమమును గూర్చియు ఆలోచింపవలెను. అడిగిన మాట శీర్షికలో నున్నదా, లోపలి పాఠములో నున్నదా, ఎన్నిమాఱులున్నది, తక్కిన రచనలలో అది ఎంత అరుదు అను లెక్కలతో యంత్రము ప్రాధాన్యమును నిర్ణయించును. అరుదైన మాటకు ఎక్కువ బరువు నొసగవలెనను సూత్రమును 1972లో కేంబ్రిడ్జిలోని కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించినది. ఈ లెక్క మాటలను గూర్చినదే గాని సత్యమును గూర్చినది గాదు. పైగా మహాసూచికలను నిర్మించు సంస్థలలో కొన్ని స్వయముగా డేటాబేసులను విక్రయించునవి; ఎవరి సరకు ముందు నిలుచునను సందేహము గ్రంథపాలకులకు సహజముగనే కలిగినది. అందుచేతనే అమెరికాలోని నైసో ప్రమాణ సంస్థ 2014లో, సూచికలో ఏమేమి చేర్చిరో వెల్లడింపవలెననియు, వరుసలో పక్షపాతము చూపరాదనియు మార్గదర్శకములను ప్రకటించెను. మొదటి పుటలోని మొదటి పది ఫలితములతో తృప్తిపడువాడు, తన విచక్షణను ఎవరో వ్రాసిన లెక్కకు ధారపోయుచున్నాడని మఱువరాదు. అట్లుగాక ఒక మంచి వ్యాసము దొరకినచో దాని చివరనున్న ఆధారములను బట్టి వెనుకకును, దానిని ఉదాహరించిన తరువాతి రచనలను బట్టి ముందునకును నడచుట ప్రాజ్ఞుల పద్ధతి.

మన తెలుగువారికి సంబంధించిన మాట ఇప్పుడు చెప్పెదను. నా హృదయము అధికముగా వేదనపడునది ఇచటనే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో తొలిసారి అచ్చయ్యెను, పెంచి మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడెను. ఆధునిక సాహిత్యమున ఇంతటి ప్రసిద్ధ రచన లేదు. అయినను గడిలో దీనిని కనుగొనుట సులభమా? అంతర్జాతీయ పద్ధతి ననుసరించు గ్రంథాలయములు తెలుగు శీర్షికను రోమను లిపిలోనికి మార్చి, దీర్ఘములకు పైన గీతలు, టవర్గమునకు క్రింద చుక్కలు పెట్టి, చివర ‘ము’కారముతో నమోదు చేసినవి; మఱికొన్ని చెవికి తోచినట్లు వ్రాసికొన్నవి. శకారమును ఒకరు ఎస్ తోను, ఒకరు ఎస్‌హెచ్ తోను వ్రాయుదురు. గురజాడలోని జకారమునకు ఒకరు జే వాడుదురు, ఒకరు జెడ్ వాడుదురు. అప్పారావును ఒకరు కలిపి వ్రాయుదురు, ఒకరు విడదీయుదురు. తెలుగు లిపిలోనే టైపు చేసినచో, చాల నమోదులలో తెలుగు లిపియే లేకపోవుటచే ఫలితము స్వల్పము. 1962లో ఢిల్లీలో కార్యాలయము నెలకొల్పి, పి.ఎల్. 480 అను అమెరికా చట్టపు నిధులతో కాంగ్రెసు గ్రంథాలయమువారు కొన్న భారతీయ భాషా గ్రంథములలో తెలుగు పుస్తకములును అమెరికా విశ్వవిద్యాలయములకు చేరినవి. అవి నేటికిని అచట అలమరలలో నున్నవి. వానిని చేరు త్రోవ పేరు వ్రాయు పద్ధతిపై ఆధారపడియున్నది.

భాషా స్వభావముచే కలుగు చిక్కు మఱియొకటి. ‘గ్రంథాలయము, గ్రంథాలయం, గ్రంథాలయమునకు, గ్రంథాలయాలలో’ ఇవన్నియు మనకు ఒక్క మాటయే. చాల యంత్రములకు నాలుగు మాటలు. ఇంగ్లీషునకు విభక్తి లేశములను విడదీసి వెదకు నేర్పును యంత్రములకు దశాబ్దములుగా నేర్పిరి; తెలుగునకు ఆ పరిశ్రమ ఇంకను చాలినంత జరుగలేదు. ఇంతకంటె గొప్ప లోటు, సూచికయే లేని సంపద. 1924లో ఆరంభమైన భారతి పత్రికలో ఎందఱు మహాపండితులు ఏయే విషయములపై వ్రాసిరో, సామాన్యముగా ఈ గడికి తెలియదు. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములు కాపాడుచున్న పాత పత్రికల సంపుటములు దీని కంటబడవు. తెరపై కనబడలేదు గనుక ఆ విషయముపై తెలుగులో ఏమియు వ్రాయబడలేదని ఒక పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథమున వ్రాసినచో, అది పూర్వులయెడల అపచారము, రాబోవువారికి అపమార్గము.

అందుబాటు విషయమున మాత్రము మంచిరోజులు వచ్చుచున్నవి. 2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనలు మొదలుకొని సిద్ధాంత గ్రంథములు శోధగంగ యను అంతర్జాల నిధిలో చేరుచున్నవి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ‘ఒక దేశము – ఒక చందా’ పథకమున, 2025 మొదలు మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయల వ్యయముతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300లకు పైబడిన ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించుటకు గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ద్వారా ఏర్పాటు జరిగినది. జిల్లా కేంద్రమునందలి ప్రభుత్వ కళాశాల విద్యార్థికి పెద్ద నగరపు విద్యార్థితో సమానమైన ద్వారము తెఱచుకొనుట సామాన్యవిషయము గాదు. అయితే ద్వారము తెఱచుటకును, లోపల త్రోవ చూపుటకును భేదమున్నది. చందాకు కోట్లు వెచ్చించిన దేశము, వెదకు విద్యను నేర్పుటకు వారమునకొక గంట కేటాయింపలేకపోయినచో ఆ వ్యయము సార్థకము కాజాలదు.

కావున మూడు విన్నపములు చేసి విరమింతును. మొదటిది విశ్వవిద్యాలయములకు: పరిశోధనలో చేరిన ప్రతి విద్యార్థికిని, తన విషయమునే తీసికొని, గ్రంథపాలకుని ప్రక్కన కూర్చుండి వెదకు శిక్షణమును పాఠ్యక్రమమున భాగముగా చేయుడు. రెండవది గ్రంథపాలకులకు, తెలుగు శాఖలకు: మీ వద్దనున్న తెలుగు పుస్తకముల నమోదులలో తెలుగు లిపిని చేర్చుడు, ఒక్కొక్క రచయితకు గల నామభేదములనన్నిటిని ఒక్క ప్రామాణిక రూపమునకు ముడివేయుడు, ఒక్కొక్క శాఖ ఒక్కొక్క పాత పత్రికను దత్తత తీసికొని, సంపుటము వెంట సంపుటముగా వ్యాససూచికను నిర్మించి అందఱకు ఉచితముగా ఒసగుడు. ఎవరో ఒకరు కూర్చుండి వివరమును వ్రాయనిదే ఏ యంత్రమును దేనిని కనుగొనలేదు. మన భాషకు ఆ యొకరు మనమే కావలెను.

మూడవది విద్యార్థులకు. మీరు చదివిన గ్రంథముల పట్టికను సిద్ధాంత వ్యాసము చివర జోడించుచున్నారు. దానితో పాటు, ఏ గడిలో, ఏ తేదీన, ఏయే మాటలతో, ఏ జల్లెడలు పట్టి వెదకితిరో, ఏయే గ్రంథాలయముల బీరువాలను స్వయముగా చూచితిరో, ఎచట ఏమియు దొరకలేదో ఒక పుటలో వ్రాయుడు. వైద్యశాస్త్రమున పూర్వ పరిశోధనలను సమీక్షించువారు ఈ నియమమును ఇదివఱకే పాటించుచున్నారు. చరిత్రకు, సాహిత్యమునకు, సమాజ శాస్త్రములకు అది అంతకంటె తక్కువ అవసరము గాదు. మీ తరువాత ఆ విషయమును చేపట్టువాడు ఆ పుటను చదివి, మీరు నడచిన త్రోవను మరల నడువనక్కఱ లేకయే, మీరు ఆగిన చోటినుండి మొదలుపెట్టగలుగును.